ఒకే గిన్నెలో రెండు సీసాలు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది గానీ మా ఆఫీసులో ఎవరికీ దానితో పని పడలేదు. తూకాలక్క అంటే చాలు. పుట్టిన పసిబిడ్డల్ని ఇంటింటికీ వెళ్ళి తూచడం ఆమె పని. భుజానికి తక్కెడ సంచీ, చేతిలో మాత్రల సీసాల పెట్టె, కాళ్ళకు ఎప్పుడూ అరిగిపోయిన చెప్పులు. నేను ఆ ఆఫీసు బండి తోలేవాణ్ణి. సందు మొదట్లో ఆమెను దించి, పని అయ్యేదాకా స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీసి, మళ్ళీ ఎక్కించుకు రావడం నా ఉద్యోగం. ఏళ్ళ తరబడి అలా తిరిగాం. నన్ను తమ్ముడూ అని పిలిచేది. కాబట్టి ఆమె సంగతి చెప్పడానికి డాక్టర్ల కంటే నాకే ఎక్కువ అర్హత ఉందని నా నమ్మకం. కాదన్నవాళ్ళతో నాకు పేచీ లేదు, వాళ్ళ కథ వాళ్ళు చెప్పుకోవచ్చు.

ఆమెకు నోరెక్కువ. ఏ ఇంట్లో అత్త కోడలి కడుపు మాడుస్తోందో గుమ్మంలోనే పసిగట్టేది. బిడ్డ బరువు తక్కువైతే కోడల్ని అంటారెందుకు, మీ పొయ్యి మీది గిన్నెని అడగండి అని ముఖాన్నే అడిగేది. ఆ అత్తలు ఆమెను చాటున తిట్టుకునేవాళ్ళు, ఎదురుగా మాత్రం కుర్చీ వేసేవాళ్ళు.

ఆమెకు ఒక అలవాటుండేది. బొద్దుగా ఉన్న బిడ్డయితే తక్కెడ చూపించిన అంకె పక్కింటికి వినపడేలా చదివేది. తల్లి ముఖం వెలిగిపోయేది. మరీ నలుసులా పుట్టిన బిడ్డయితే అంకె పైకి చదివేది కాదు. రాసుకుని, బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, "కాస్త పెరగాలమ్మా" అనేది. ఆ మాట అని వచ్చి బండెక్కితే ఇక ఆ పూట నాతో మాట్లాడేది కాదు. అలాంటి ఇళ్ళకు తక్కెడ మళ్ళీ తీసుకెళ్ళే పని చాలాసార్లు పడేది కాదు.

మా ఆఫీసు చేసే పరిశోధన ఏంటో నాకు తెలిసినంత చెబుతాను. మా పేటల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ఏడో నెల వచ్చేసరికి రక్తపోటు పెరగడం, కాళ్ళూ ముఖమూ వాచిపోవడం, నెలలు నిండకుండానే కాన్పయిపోవడం ఎక్కువ. తల్లి రక్తం చిక్కబడి బిడ్డకు సరిగ్గా అందడం లేదేమోనని పెద్ద డాక్టరమ్మ అనుమానం. రక్తాన్ని పలచబరిచే మాత్ర ముందునుంచే ఇస్తే బిడ్డ నిలుస్తుందేమో చూడాలి. చూడాలంటే సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వాలి. రెండూ ఒకే రంగు, ఒకే రుచి. సీసా మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. ఎవరిది ఏదో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. ఎక్కడో వేరే ఊళ్ళో ఉన్న కంప్యూటరుకు తెలుసు. ఇదేదో కళ్ళగంతల ఆటలా ఉందే అన్నానొకసారి. తూకాలక్క నా మీద విరుచుకుపడింది. తెలిస్తే మనసు ఒక పక్కకు ఒరుగుతుంది తమ్ముడూ, ఒరిగిన తక్కెడతో ఏం తూస్తాం అంది.

ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు సరదాకి మాత్రలు మార్చుకున్నారని తెలిసి, వాళ్ళను వాకిట్లో నిలబెట్టి ఆమె కడిగేసిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. సీసా మీద ఎవరి నంబరుంటే వాళ్ళే మింగాలి, పక్కవాళ్ళకు ఒక్కటి ఇచ్చినా తప్పే అని ఒట్టు కూడా వేయించుకుంది. నవ్వుతూ బయటికొచ్చినవాళ్ళు ఏడుస్తూ లోపలికెళ్ళారు.

అలాంటి మనిషి ఇంట్లో ఒకే ఏడు ఇద్దరు కడుపుతో ఉన్నారు. ఒకతె ఆమె కూతురు. అప్పటికే రెండుసార్లు కడుపు పండి, రెండుసార్లూ నెలలు నిండకముందే బిడ్డ పోయి, మూడోసారి భయపడి పుట్టింటికి వచ్చి మంచమెక్కింది. మూడోదీ పోతే నేనూ పోతాను అని తల్లితో చాలాసార్లు అంది. రెండో ఆమె కోడలు. కొడుకు లారీలు తోలుతూ నెలకో పూట ఇంటికొచ్చేవాడు. ఆ పిల్లకిది తొలిచూలు. ఎక్కువ మాట్లాడదు, అత్తయ్యా అని మాత్రం నోరారా పిలుస్తుంది. ఆమెకూ రక్తపోటు పైచూపే చూస్తోంది.

తూకాలక్క డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడి ఇద్దరినీ పరిశోధనలో చేర్పించింది. చేరితే మాత్రలే కాదు, వారం వారం పరీక్ష, అవసరమైతే బండి, పెద్దాసుపత్రిలో మంచం. డాక్టరమ్మ ఒకే షరతు పెట్టింది. నీ ఇంటి మాత్రలు నువ్వు లెక్కపెట్టకూడదు, వేరే నర్సు వస్తుంది అంది. కళ్ళజోడు నర్సు వచ్చి ఇద్దరికీ చెరో సీసా ఇచ్చి వెళ్ళింది. వారం వారం వచ్చి మిగిలినవి లెక్కపెట్టేది. ఎప్పుడూ ఒక్క మాత్ర తేడా రాలేదు. తూకాలక్క ఇల్లంటే అలాగే ఉంటుంది అని ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా.

తేడా ఎందుకు రాలేదో తర్వాత ఆసుపత్రి వరండాలో ఆమే నాతో చెప్పింది.

సీసాలు ఇంటికొచ్చిన మొదటి వారం ఆమెకు నిద్ర పట్టలేదు. కూతురి మంచం పక్కన ఒక సీసా, కోడలి అలమరలో ఒక సీసా. పొద్దున లేచి ఆ రెండింటినీ మార్చి మార్చి చూసేది. కూతురిది ఉత్తుత్తిదైతే? ఆ పిల్ల ఇక బతకదు. పోనీ కూతురి సీసా, కోడలి సీసా తారుమారు చేద్దామంటే ఏది ఏదో తెలిస్తే గదా. తెలిసినా ఆ పని చెయ్యగలదా? కోడలు మాత్రం ఒక తల్లి కన్నబిడ్డ కాదా? రెండు కళ్ళలో ఏ కన్ను పొడుచుకోవాలో తేల్చుకోలేక, ఒక మధ్యాహ్నం ఇద్దరూ కునుకు తీస్తుండగా వంటగదిలో కూర్చుని రెండు సీసాలూ ఒకే గిన్నెలో ఒంపేసింది. చేత్తో బాగా కలిపింది. లెక్క తప్పకుండా మళ్ళీ రెండు సీసాల్లోకి నింపింది. కొత్త సీసాలొచ్చినప్పుడల్లా అదే పని.

ఆమె లెక్క చూడండి. ఇద్దరివీ అసలు మాత్రలైతే కలిపినా నష్టం లేదు. ఇద్దరివీ ఉత్తుత్తివైతే కలపకపోయినా ఒరిగేదేమీ లేదు. ఒకరివి అసలువి, ఒకరివి ఉత్తుత్తివి అయితే మాత్రం ఇద్దరికీ సగం సగమైనా అందుతుంది. ఊళ్ళో ఏ అమ్మకీ ఈ ఆలోచన రాదు. ఆ సీసాల సంగతి పూర్తిగా తెలిసిన మనిషికే వస్తుంది. నీతులు ఎదుటివాళ్ళకేనా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఆమె నా వంక చూసి, నీకు కూతురుందా తమ్ముడూ అంది. నాకు లేదు.

కూతురికి ఏడో నెల వెళ్ళే రోజుల్లో ఒక పొద్దున ఆఫీసు ముందు బండి తుడుస్తుంటే తూకాలక్క ఫోను చేసింది. కూతురికి తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది అంది. ఆ మాటల్ని ఆమె వందసార్లు వేరేవాళ్ళ ఇళ్ళల్లో చెప్పగా విన్నాను. తలనొప్పొచ్చినా, కళ్ళు మసకేసినా, ముఖం వాచినా ఒక్క క్షణం ఆగకుండా కబురు చెయ్యండి అని. అందరికీ చెప్పిన పాఠం ఆమె ఇంటికే వచ్చింది. కూతుర్ని వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని తూకాలక్క కూర్చుంది. కోడలు కూడా చెప్పుల్లేకుండానే ఎక్కేసింది. నేను తోలిన తోలుడుకి దారిలో ఎంతమంది తిట్టుకున్నారో లెక్కలేదు.

ఆసుపత్రిలో అంతా పరుగులు. బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది, ఇప్పటికిప్పుడు కోసి తియ్యాలి అన్నారు. చిక్కు అక్కడే వచ్చింది. ముఖంతోపాటు గొంతు కూడా లోపల వాచింది. గొంతులో గొట్టం వేసి మత్తు ఇద్దామంటే, అది దిగకపోతే ప్రాణానికే ముప్పు. అందుకని వెన్నులో సూది వేసి నడుము కింద మొద్దుబారేలా చేస్తానన్నాడు మత్తు డాక్టరు. అయితే రక్తం పలచబడ్డ మనిషికి వెన్నులో సూది వేస్తే లోపల నెత్తురు కారి కాళ్ళు పడిపోవచ్చు, అంతకంటే ఘోరమూ జరగొచ్చు. కాబట్టి ఆమె మింగింది ఏ మాత్రో ఇప్పుడు తెలియాలి. ఇలాంటి అవసరానికే ఒక దారి పెట్టుకున్నారు. పెద్ద డాక్టరమ్మ ఆ వేరే ఊరికి ఫోను చేసి నంబరు చెబితే, కంప్యూటరు చూసి చెబుతారు.

వరండాలో గోడవారగా తూకాలక్క, పక్కన కోడలు, ఎదురుగా నేను. డాక్టరమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. కాసేపటికి ఫోను దించి, పెద్దగా ఊపిరి వదిలింది.

"ఉత్తుత్తి మాత్రే. రక్తానికేం భయం లేదు. వెన్నులో సూది వేసెయ్యండి."

మత్తు డాక్టరు ముఖంలో కూడా భారం దిగిపోయింది. చేతులు కడుక్కోవడానికి లోపలికి కదిలాడు. నేను తూకాలక్క వంక చూశాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. చెబితే ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, పక్కనే ఉన్న కోడలి ముందు తల ఎత్తుకునే వీలుండదు. చెప్పకపోతే కూతురు పోతుంది. ఇదంతా నేను తర్వాత పేర్చుకున్న మాట. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు, ఈ మనిషికీ కళ్ళు తిరుగుతున్నాయి కాబోలనుకున్నాను.

ఆమె ఒక్క అంగలో వెళ్ళి డాక్టరమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"సూది వెయ్యొద్దమ్మా. నా కూతురు మింగినవి దాని మాత్రలొక్కటే కాదు. రెండు సీసాలూ నేను కలిపేశాను."

డాక్టరమ్మకు మొదట ఎక్కలేదు. ఏ రెండు సీసాలు అంది. తూకాలక్క కోడలి వైపు చెయ్యి చూపించింది, కళ్ళు మాత్రం అటు తిప్పలేదు. డాక్టరమ్మ మత్తు డాక్టర్ని కేకేసి ఆపి, మళ్ళీ ఫోను చేసి, కోడలి నంబరు చెప్పింది. ఈసారి జవాబు వినగానే కళ్ళు మూసుకుంది. కోడలిది అసలు మందు.

అప్పుడు ఆ పిల్ల వైపు చూడాలంటే నాకే భయం వేసింది. ఆమె అత్త ముఖంలోకి చూస్తూ రెండు చేతులూ తన కడుపు మీద పెట్టుకుంది.

లోపల సన్న గొట్టంతో ఎలాగో తంటాలు పడి మత్తు ఇచ్చారు, రక్తం సీసాలు ముందే తెప్పించి పెట్టుకున్నారు. నెత్తురు బాగానే పోయిందట. వెన్నులో సూది వేసి ఉంటే మనిషి దక్కేది కాదని మత్తు డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. కూతురు బతికింది. ఆడపిల్ల పుట్టింది. అరిచేతిలో ఇమిడేంత ఉందట, ఏడ్చిందట కూడా.

పరిశోధనలో ప్రతి బిడ్డనీ పుట్టగానే తూచాలి. మా పేటల్లో ఆ పని ఎప్పుడూ తూకాలక్కదే. అలవాటు కొద్దీ లేచి చేతులు కడుక్కుని తలుపు దాకా వెళ్ళింది. కళ్ళజోడు నర్సు అడ్డంగా నిలబడి, మీరు వద్దక్కా, డాక్టరమ్మ చెప్పింది అంది. తూకాలక్క వెనక్కి వచ్చి మళ్ళీ గోడవారగా నిలబడింది. కాసేపటికి తలుపు తీసుకుని నర్సు బయటికొచ్చింది. చేతిలో కాగితం ఉంది. అంకె చెబుతుందని మేమందరం చూస్తున్నాం. నర్సు తలెత్తలేదు.

"కాస్త పెరగాలక్కా," అంది.

తూకాలక్క అలాగే గోడకు జారి నేల మీద కూర్చుండిపోయింది. నా ముందు ఆమె ఏడవడం అదే మొదలు. ఆ తర్వాతే గిన్నె సంగతంతా చెప్పుకొచ్చింది. నోట్లోంచి వస్తున్న మాటల్ని ఆపుకునే శక్తి కూడా ఆమెకు లేదు.

బిడ్డ గాజుపెట్టెలో ఆ రాత్రి గడిపింది. మర్నాడు పొద్దు వాలకముందే పోయింది. సగం మందు చాలక పోయిందా, అసలు ఆ మందే పనిచెయ్యదా, రెండుసార్లు పోయిన కడుపు మూడోసారీ అంతేనా, ఎవరూ చెప్పలేరు. అది తెలుసుకోవడానికే గదా ఇన్నేళ్ళు ఇంతమంది తిరిగింది. ఈ ఇద్దరి విషయంలో మాత్రం అది ఇక ఎప్పటికీ తేలదు. ఆ మాట డాక్టరమ్మే నాతో అంది, కోపంగా కాదు, అలిసిపోయి అంది. తూకాలక్కతో ఆమె మాట్లాడింది కూడా తక్కువే. నువ్వు నోరు తెరవకపోతే నీ కూతురు బల్ల మీదే పోయేది, కానీ నువ్వు చేసిన పనికి నిన్ను ఉంచుకోలేను అంది. తక్కెడ సంచీ నా బండిలోనే ఉండిపోయింది. ఇద్దరి పేర్లూ పరిశోధనలోంచి తీసేశారు. ఇంట్లో మిగిలిన సీసాలు తెచ్చెయ్యమని నాకు చెప్పారు.

ఆ సీసాలు తెచ్చే రోజునే కూతుర్ని చూడటానికి కోడలు వస్తానంటే బండిలో ఎక్కించుకొచ్చాను. టీ ఫ్లాస్కు పట్టుకుని నేను కూడా వార్డులోకి వెళ్ళాను. కూతురు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పాలు గడ్డకట్టి ఒళ్ళు కాలిపోతోంది. తల్లి మంచం పక్కన, కోడలు కాళ్ళ దగ్గర. కోడలు ఆమె పాదాలకు దుప్పటి సర్దింది. కూతురికి ఎవరో జరిగిందంతా ముందే చెప్పేసినట్టున్నారు. కూతురు తల తిప్పకుండానే అడిగింది.

"అమ్మా, అసలు మందు నాకు సగమే ఇచ్చావా?"

తెలియక కలిపానే, ఎవరిది ఏదో నాకేం తెలుసు అని తల్లి గొణిగింది. కూతురు అప్పుడు ఇటు తిరిగింది. వదినగారి ఎత్తైన కడుపు వంక చూస్తూ అంది.

"మిగతా సగం కూడా నాకే ఇవ్వాల్సింది."

ఒంట్లో జ్వరం మాట్లాడించిందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. తూకాలక్క కూతురి నోరు మూయబోయి, చెయ్యి అక్కడిదాకా వెళ్ళాక ఆపేసుకుని, చెంప నిమిరింది. ఆ నిమరడం చూశాక కోడలు మెల్లగా లేచింది. ఫ్లాస్కులోంచి ఆడబిడ్డకు టీ పోసి గ్లాసు బల్ల మీద పెట్టింది. తర్వాత అత్తతో చెప్పింది.

"ఆమె మాటకి నాకేం కోపం లేదత్తయ్యా. కానీ నా కాన్పయ్యేదాకా మా అమ్మ దగ్గర ఉంటాను."

వద్దని తూకాలక్క ఏ ముఖంతో అంటుంది? బండి దాకా వచ్చింది. తలుపు వేశాక కిటికీ పట్టుకుని, తలనొప్పొచ్చినా, కళ్ళు మసకేసినా అని మొదలుపెట్టింది. తెలుసత్తయ్యా, మీరే గదా నేర్పారు అంది కోడలు. తూకాలక్క చెయ్యి కిటికీ మీంచి తియ్యలేదు. నేను బండి కదిలిస్తే గానీ ఆ చెయ్యి ఊడలేదు.

వాళ్ళమ్మగారిల్లు ఊరికి ఆ చివర. అద్దంలో చూస్తే ఆ పిల్ల కాళ్ళు ముందుకు చాపుకుని పాదాల వంకే చూసుకుంటోంది. చీలమండల దగ్గర చర్మం బిగిసి మెరుస్తోంది.

"అన్నా, నాది మంచి మందేనంటగా. అది ఇప్పుడెవరిస్తారు?"

డాక్టరమ్మను అడిగి చూస్తానన్నాను. నేను అడిగే ఉన్నాను, ఆ మందు బయట ఎక్కడా దొరకదని, పరిశోధన నుంచి తీసేసినవాళ్ళకు ఇవ్వడానికి వీల్లేదని ఆమె చెప్పే ఉంది. పరీక్షలకు మామూలు ఆసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చింది, అంతే. ఆ మాట ఈ పిల్లతో అనలేకపోయాను. ఇంట్లో మిగిలిన సీసాలైనా ఇప్పించండన్నా, ఎక్కడున్నాయి అని మళ్ళీ అడిగింది.

సీసాలు ఆమె సీటు కిందే, ఇనప్పెట్టెలో ఉన్నాయి. తాళం నా జేబులో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా మాత్రలు గలగలమని నాకు వినపడుతూనే ఉన్నాయి. ఆ పిల్లకూ వినపడే ఉంటుంది. తీసి ఇద్దామన్నా అందులో ఏది మందో, ఏది కాదో ఇప్పుడు ఆ కంప్యూటరు కూడా చెప్పలేదు. అవి కలిపిన చేతులకే తెలియదు.

ఆఫీసులో ఇచ్చేశానమ్మా అని అబద్ధం చెప్పి, బండి కాస్త నెమ్మదిగా తోలాను.